క్రాబీ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రాబీకి మూడుసార్లు వెళ్లొచ్చాను. ఒకసారి స్నేహితులతో, ఒకసారి అత్తయ్యగారూ మావయ్యగారూ పిల్లలతో, ఒకసారి ఒక్కదాన్నే. అప్పట్నుంచీ చుట్టాల్లో ఎవరు థాయ్‌లాండ్ టికెట్లు కొన్నా ఫోను నాకే వస్తోంది. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ముందే ఒక్క మాట: క్రాబీలో ఏ రోజు ఏం చూడగలమో తేల్చేది ఆటుపోట్లు. హోటల్ చూసుకునే ముందు ఇంట్లో పంచాంగం తిరగేయండి. ఎందుకో కింద చెబుతాను.

క్రాబీ ఎక్కడుంది? ఎలా వెళ్లాలి?

థాయ్‌లాండ్ దక్షిణాన, పడమటి ఒడ్డున, అండమాన్ సముద్రం మీద ఉంది. బ్యాంకాక్‌కు దాదాపు 800 కిలోమీటర్లు. క్రాబీ అనేది జిల్లా పేరూ, దాని ముఖ్య పట్టణం పేరూ కూడా. ఫుకెట్ నుంచి రోడ్డు మీద రెండున్నర, మూడు గంటల దారి. థాయ్ భాషలో క్రాబీ అంటే కత్తి అనీ అర్థం, కోతి అనీ అర్థం. ఆ రెండో క్రాబీ మన కపికి చుట్టమే. అక్కడి కోతుల్ని చూశాక ఆ అర్థమే సరైందని మా పిల్లలు తేల్చేశారు.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కణ్నుంచి గంటా ఇరవై నిమిషాల విమానంలో క్రాబీ. బ్యాంకాక్‌లో విమానాశ్రయాలు రెండు: సువర్ణభూమి, డాన్ ముయాంగ్. ఒకదానిలో దిగి రెండోదాంట్లో ఎక్కేలా టికెట్లు కొంటే మధ్యలో ఊరంతా దాటాలి, ట్రాఫిక్ మన అమీర్‌పేటకు ఏమాత్రం తీసిపోదు. రెండు టికెట్ల మీదా విమానాశ్రయం పేరు చదివాకే డబ్బు కట్టండి.

ఏ నెలల్లో బాగుంటుంది?

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి. సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంటుంది. డిసెంబరు చివర, జనవరి మొదట్లో జనమూ ఎక్కువే, ధరలూ ఎక్కువే. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు వాళ్ల కొత్త సంవత్సరం సోంక్రాన్, వీధుల్లో నీళ్లు చల్లుకుంటారు. ఆ పేరు వినగానే మన సంక్రాంతి గుర్తొస్తే పొరపాటేం కాదు, రెండూ ఒకే సంస్కృత మాట నుంచి వచ్చాయి.

మే నుంచి అక్టోబరు వరకు నైరుతి రుతుపవనం నేరుగా ఈ ఒడ్డుకే తగులుతుంది. రోజంతా వాన కురవకపోవచ్చు గానీ అలలు లేచి పడవ యాత్రలు ఉన్నపళంగా రద్దవుతాయి. మన వేసవి సెలవులు మే నెలలో కదా, అదే చిక్కు. మేలోనే వెళ్లక తప్పదంటే రెండు రోజులు అదనంగా పెట్టుకుని, గాలి తగ్గిన రోజున ద్వీపాలకు వెళ్లండి.

వీసా కావాలా?

2024 జూలై నుంచి భారతీయులకు 60 రోజుల దాకా వీసా లేకుండా వెళ్లే వీలు ఇచ్చారు. ఈ నియమాన్ని వాళ్లు మారుస్తుంటారు. అందుకే విమానం టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూడండి, బంధువుల మాట మీద కొనకండి, నా మాట మీద కూడా. 2025 మే 1 నుంచి విదేశీయులందరూ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపితే చాలు. ఇది పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది అసలు సైటు కాదు.

కొన్ని టికెట్ల మీద సంవత్సరం 2568, 2569 అని ఉంటుంది. కంగారు పడకండి, అది బౌద్ధ శకం. మన లెక్కకు 543 కలుపుకోవడమే.

ఎన్ని రోజులు ఉండాలి? ఎక్కడ దిగాలి?

నాలుగు పూర్తి రోజులు: రెండు సముద్రానికి, ఒకటి లోపలి అడవులకు, ఒకటి ఊరికే. ఆ ఊరికే ఉన్న రోజును కొట్టేయకండి, పడవ రద్దయితే దాన్ని అందులోకి జరుపుకోవచ్చు.

బస మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆవ్ నాంగ్‌లో. పడవలన్నీ అక్కణ్నుంచే, భారతీయ భోజన హోటళ్లూ అక్కడే. తీరం మాత్రం అంత గొప్పగా ఉండదు, పడవల మోత. క్రాబీ పట్టణంలో గదులు చవక. నది ఒడ్డు, వారాంతంలో రాత్రి సంత, ట్రాఫిక్ సిగ్నళ్లను మోస్తున్న ఆదిమానవుల బొమ్మలు, తెల్లటి గుడి వాట్ కేవ్ కొరవరామ్, ఇవన్నీ నడిచే దూరంలోనే. మావయ్యగారికి ఆవ్ నాంగ్ కంటే ఈ పట్టణమే నచ్చింది. సాయంత్రం నది గట్టు మీద కూర్చుని ఎదురుగా జంట కొండల్ని, ఖావ్ ఖనాబ్ నామ్‌ను, చూస్తూ గంట గడిపేశారు.

పంచాంగానికీ ద్వీపాలకూ ఏమిటి సంబంధం?

పౌర్ణమి, అమావాస్యల చుట్టూ రెండు మూడు రోజులు పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి దగ్గర ఆ తేడా తగ్గిపోతుంది. మన ఒడ్డున మత్స్యకారులకు ఇది చెప్పక్కర్లేదు. క్రాబీలో యాత్రికుడికి కూడా ఇదే లెక్క.

ఉదాహరణకు తలే వేక్. విడిపోయిన సముద్రం అని అర్థం. కో తుప్, కో మోర్, కో కై (కో అంటే ద్వీపం) మధ్య ఆటు వేళ నీళ్లు తొలగి తెల్లటి ఇసుక దారి బయటపడుతుంది. ఒక ద్వీపం నుంచి మరోదానికి నడిచిపోవచ్చు. ఫొటోల్లో చూసి అందరూ మోజుపడేది ఇదే. పోటు వేళ వెళ్తే నడుము లోతు నీళ్లు తప్ప ఏమీ ఉండదు. మా మొదటి యాత్రలో సరిగ్గా అదే జరిగింది. దారి ఎక్కడ అని అడిగితే పడవవాడు నీళ్లలోకి వేలు చూపించాడు.

హాంగ్ ద్వీపం దీనికి పూర్తిగా తలకిందులు. థాయ్‌లో హాంగ్ అంటే గది. నాలుగు వైపులా కొండలు, మధ్యలో పచ్చటి నీటి మడుగు, లోపలికి ఒక్క ఇరుకు సందు. నీరు బాగా తగ్గితే ఆ సందులోంచి పడవ పోదు. అంటే ఇసుక దారికి ఆటు కావాలి, హాంగ్ మడుగుకు పోటు కావాలి. ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి క్రాబీ లేదా ఆవ్ నాంగ్ పేరుతో ఆటుపోట్ల పట్టిక ఫోన్లో తీసి, మీరున్న నాలుగు రోజుల్లో ఏ రోజు దేనికి కుదురుతుందో ముందే గుర్తు పెట్టుకోండి. టూర్లు అమ్మే కౌంటర్లో ఇది వాళ్లంతట వాళ్లు చెప్పరు. అడిగితే మాత్రం చెబుతారు.

నాలుగు ద్వీపాలు, హాంగ్, పీపీ. ఒక్కటే వెళ్లగలిగితే ఏది?

పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నాలుగు ద్వీపాల టూరు, పైన చెప్పిన తలే వేక్ అందులోనే. దూరం తక్కువ, తోక పడవ (లాంగ్‌టెయిల్, వెనక మోటారు తోకలా సాగి ఉండే చెక్క పడవ) మీద నిదానంగా వెళ్లొచ్చు. పొడా ద్వీపంలో చెట్ల నీడ ఉంది, కో కై కొస కోడి మెడలా ఉంటుంది, చివర్లో ఫ్రా నాంగ్ తీరం.

నా ఓటు మాత్రం హాంగ్‌కే. అది థాన్ బోక్ ఖొరనీ జాతీయ వనంలో ఉంది. కొండ మీదకు మెట్ల దారి వేశారు, పైనుంచి చూస్తే ద్వీపాలు నీళ్లలో చల్లిన రాళ్లలా కనిపిస్తాయి.

పీపీ ద్వీపాలు పేరు మోసినవి. స్పీడ్‌బోటు మీద వెళ్లి అదే రోజు తిరిగి రావచ్చు గానీ అలలుంటే వెన్ను విరుగుతుంది. గర్భిణులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆ పడవ ఎక్కొద్దు. పెద్ద ఫెర్రీలో దాదాపు రెండు గంటలు పడుతుంది, అందులో వెళ్లి, వాటిలో ఊరున్న ద్వీపం పీపీ డాన్‌లో ఒక రాత్రి ఉంటేనే ఆ చోటు తెలుస్తుంది. సాయంత్రం రోజువారీ జనం వెళ్లిపోయాక కార్లే లేని ఆ ఊరు వేరేగా ఉంటుంది.

ఏ టూరుకైనా జాతీయ వనం రుసుము ధరలో కలిసిందో లేదో అడగండి. పీపీ వైపు విదేశీయులకు పెద్దలకు 400 బాట్, పిల్లలకు 200 వసూలు చేస్తున్నారు. నలుగురి కుటుంబానికి అది చిన్న లెక్కేం కాదు.

మాయా బే తెరిచే ఉందా?

పీపీ ద్వీపాల్లో ఒకటైన పీపీ లేలోని ఈ అఖాతం ఆగస్టు, సెప్టెంబరు తప్ప తెరిచే ఉంటుంది. ఒక హాలీవుడ్ సినిమా పుణ్యమా అని రోజుకు వేలమంది వచ్చి పడి పగడాలు పాడయ్యాయి. 2018 జూన్‌లో మూసేశారు, 2022 జనవరిలో మళ్లీ తెరిచారు. ఇప్పుడు పడవలు ముందు వైపు రాకూడదు, వెనక వైపున్న ‘లో సమా’ బే దగ్గర దిగి చెక్క దారి మీద నడిచి వెళ్లాలి. ఈత కొట్టకూడదు, మోకాళ్ల దాకా దిగనిస్తారు. మనుషులు తగ్గాక నల్లంచు రెక్కల సొర పిల్లలు ఒడ్డుకు తిరిగొచ్చాయి. అవి మనల్నేం చేయవు.

అందమా అంటే అందమే. కానీ ఒక గంట కోసం ఫోటోల వరసలో నిలబడటం నాకు తిరుమల క్యూ కాంప్లెక్సును గుర్తు చేసింది, చివర్లో లడ్డూ కూడా ఉండదు.

రైలే ద్వీపమా?

కాదు, ప్రధాన భూభాగమే. వెనక నిలువెత్తు సున్నపురాయి కొండలు అడ్డుగోడలా ఉండటంతో రోడ్డు లేదు, పడవలోనే వెళ్లాలి. ఆవ్ నాంగ్ ఒడ్డున కౌంటర్లో టికెట్ తీసుకుంటే ఎనిమిది మంది పోగవగానే తోక పడవ బయలుదేరుతుంది. మనిషికి 100 బాట్, పావుగంట ప్రయాణం, చీకటి పడితే కాస్త ఎక్కువ. అటూ ఇటూ కూడా నీళ్లలోంచి నడిచే ఎక్కాలి, దిగాలి. ప్యాంట్లు మడవండి, చక్రాల సూట్‌కేసు తేకండి.

పడవ ముక్కుకు రంగు గుడ్డలు, పూలదండలు కట్టి ఉంటాయి. అవి మే యా నాంగ్‌కు, పడవను కాపాడే తల్లికి. ఫోటో కోసం దాని మీద కాలు పెట్టకండి.

పడమటి రైలే ఇసుక తీరం, తూర్పు రైలే మడ అడవి, బురద. రెండింటి మధ్య నడక పది నిమిషాలు. చివర ఉన్న ఫ్రా నాంగ్ తీరంలోని గుహలో చెక్కతో చేసిన లింగాలు గుట్టలుగా కనిపిస్తాయి. చూసి నవ్వేవాళ్లను చూశాను. సముద్రం మీదకు వెళ్లే జాలర్లు అక్కడ ఉండే అమ్మవారికి చెల్లించే మొక్కు అది. మనవాళ్లకు ఇంకెవరూ వివరించి చెప్పక్కర్లేదు అనుకుంటాను. పక్కనున్న తోన్సాయ్ తీరం రాతి కొండలెక్కేవాళ్ల అడ్డా, ఆటు వేళ పడమటి రైలే నుంచి రాళ్ల మీదుగా నడిచి వెళ్లొచ్చు. పోటు ఎప్పుడో చూసుకోకుండా వెళ్తే తిరిగి పడవే గతి.

ఈత రాదు. వెళ్లొచ్చా?

నాకూ రాదు. లైఫ్ జాకెట్ ఇస్తారు, వేసుకోండి, మొహమాటం వద్దు. చీర, చున్నీ పడవ ఎక్కేటప్పుడు కాళ్లకు అడ్డం పడతాయి, త్వరగా ఆరిపోయే ప్యాంటు, టీషర్టు మేలు. ఎర్ర జెండా ఎగిరితే నీళ్లలోకి దిగొద్దు. కొన్ని తీరాల్లో స్తంభానికి వెనిగర్ సీసా కట్టి ఉంటుంది, అది జెల్లీఫిష్ కుట్టినప్పుడు పోయడానికి. రుద్దకూడదు. అత్యవసర వైద్యానికి 1669, టూరిస్ట్ పోలీసుకు 1155.

పగడాలను పాడుచేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్‌ను 2021 నుంచి జాతీయ వనాల్లో నిషేధించారు, జరిమానా లక్ష బాట్ దాకా ఉండొచ్చు. చేపలకు బ్రెడ్డు వేయడమూ నిషేధమే. పుణ్యం అనుకుని వేయబోయిన మావయ్యగారిని గైడు మర్యాదగానే ఆపాడు.

టైగర్ కేవ్ గుడికి పెద్దవాళ్లు ఎక్కగలరా?

వాట్ థామ్ సువా మెట్లు 1,260. అలిపిరి మెట్లు 3,550 ఎక్కేశాం, ఇదెంత అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. అలిపిరి దారికి పైకప్పు ఉంది, మధ్యలో చదునుగా నడక ఉంది. ఇక్కడ కొండ నిలువుగా ఉంటుంది, కొన్ని మెట్లు మోకాలి ఎత్తు వస్తాయి, కాలు ఎత్తడానికి చేత్తో కమ్మీ పట్టుకోవాలి. అత్తయ్యగారు 200 దగ్గర కూర్చుని మీరు వెళ్లి రండి అన్నారు, తెలివైన పని చేశారు.

పైన బంగారు బుద్ధుడు, చుట్టూ పొగమంచులో తేలే కొండలు. ఉదయం ఆరింటికే మొదలుపెట్టండి, మంచినీళ్లు సంచి లోపల దాచండి. చేతిలో ఏది కనిపించినా కోతులు లాక్కుంటాయి, కరిస్తే రేబిస్ సూదులు వేయించుకోవాలి. ఎక్కలేనివాళ్లు నిరాశపడక్కర్లేదు. కింద గుహ గుడి, వెనక ఎత్తయిన చెట్ల మధ్య నడక దారి ఉన్నాయి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. ఆడవాళ్లు భిక్షువులకు తగలకుండా పక్కకు జరిగి నడవాలి.

సముద్రం కాకుండా లోపల ఏముంది?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న, దాదాపు ఎవరూ అడగనిది.

దక్షిణాన ఖ్లాంగ్ థోమ్ వైపు ఒక రోజు కేటాయించండి. సా మొరాకోత్ అనే మడుగు అక్కడుంది. మొరాకోత్ అంటే మన మరకతమే, నీటి రంగూ అదే. పొద్దున్నే వెళ్తే నిశ్చలంగా, ఆకుపచ్చ గాజులా ఉంటుంది. పదింటికల్లా బస్సులు దిగుతాయి. ఇంకాస్త లోపల నీలి మడుగు, అందులో దిగకూడదు, చూడటమే. దగ్గర్లోనే వేడినీటి జలపాతం. అడవిలో రాళ్ల గుంటల్లోంచి వేడి నీళ్లు పొర్లి చల్లటి వాగులో పడుతుంటాయి. మోకాళ్ల నొప్పులున్న ప్రతి పెద్దమనిషీ అక్కణ్నుంచి లేవనంటారు.

అదే దారిలో వాట్ ఖ్లాంగ్ థోమ్ గుడి ఆవరణలో చిన్న మ్యూజియం ఉంది. టూర్లవాళ్లు ఆపరు, డ్రైవరుకు మీరే చెప్పాలి. దగ్గర్లోని ఖువాన్ లూక్ పాత్ దిబ్బ పేరుకు అర్థమే పూసల దిబ్బ. సుమారు 2,000 ఏళ్ల క్రితం నుంచి ఇది రేవు, పూసల పని జరిగిన చోటు. రంగురంగుల గాజు పూసలు, రాతి పూసలు వేలకొద్దీ దొరికాయి. అన్నిట్లోకీ నన్ను కట్టిపడేసింది ఒక కంసాలి గీటురాయి. దాని మీద తమిళ బ్రాహ్మీ లిపిలో పెరుంపతన్ కల్ అని ఉంది, అంటే పెరుంపతన్ అనే ఆయన రాయి. క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటిదని చెబుతారు. మన ఒడ్డు నుంచి సముద్రం దాటి ఒక కంసాలి ఇక్కడికి వచ్చి, సరుకులో తన రాయి కలిసిపోకుండా పేరు చెక్కుకున్నాడన్నమాట, మనం స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకున్నట్టు. అంతకు కాస్త ముందటి శాతవాహన నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. అలాంటి ఓడలు చేరిన ఒడ్డు ఇది.

ఉత్తరాన ఆవ్ లుయెక్ వైపు ఇంకో రోజు. బోర్ థో రేవులో కయాక్ అద్దెకు తీసుకుంటే మడ చెట్ల మధ్యలోంచి థామ్ లోత్ సొరంగం కింద దూరిపోతారు, తర్వాత థామ్ ఫీ హువా తో గుహ. పెద్ద తల దయ్యం గుహ అని అర్థం. గోడల మీద చరిత్రకు ముందటి మనుషులు వేసిన బొమ్మలున్నాయి. తిరిగొచ్చేటప్పుడు థా పోమ్ కాలువ దగ్గర ఆగండి. ఊట నీరూ సముద్రపు నీరూ కలిసే చోటు, వేళ్ల మధ్య నీళ్లు అద్దంలా ఉంటాయి. పోటులో ఉప్పునీరు లోపలికి ఎగదన్నుతుంది కాబట్టి ఇక్కడ కూడా ఆ పట్టికే చూసుకోవాలి.

జేమ్స్ బాండ్ ద్వీపం క్రాబీలోనేనా?

కాదు, పక్క జిల్లా ఫాంగ్ న్గాలో. క్రాబీ నుంచి రోజు యాత్రలున్నాయి. ఆ రాతి కంభం, ఖావ్ తాపు, ఫోటోలో ఉన్నంతే. అదే యాత్రలో భోజనానికి ఆపే పన్యీ ద్వీపం మాత్రం చూడాల్సిందే, నీళ్లలో గుంజల మీద నిలబడ్డ ముస్లిం జాలరి పల్లె అది.

కో లాంతాకు వెళ్లి ఒక్క రోజులో తిరిగి రావచ్చా?

రావచ్చు, కానీ వద్దు. ఫెర్రీ రేవు, వంతెన, ఆ పొడుగాటి ద్వీపం, దారిలోనే సగం రోజు పోతుంది. తూర్పు ఒడ్డున నీళ్ల మీదకు సాగిన చెక్క ఇళ్ల పాత ఊరు, సముద్రాన్నే నమ్ముకున్న ఉరక్ లవోయ్ జనం, దక్షిణ కొసన లైట్‌హౌస్. రెండు రాత్రులైనా ఉండండి.

శాకాహారులం. తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ వెజ్ అంటే కుదరదు. కూర మీద మాంసం ముక్కలు లేకపోతే వెజ్ అనుకుంటారు, లోపల చేప సాస్ ఉంటుంది. చెప్పాల్సిన మాట కిన్ జే. జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు, వెల్లుల్లి, ఉల్లి ఏవీ లేని భోజనం. కార్తీక మాసంలో మనం చేసుకునే వంటకు దగ్గరగా ఉంటుంది. పసుపు జెండా మీద థాయ్ లిపిలో ఎర్రటి జే (เจ) కనిపిస్తే కళ్లు మూసుకుని వెళ్లండి.

మామూలు హోటల్లో అయితే ఇవి అప్పజెప్పండి: మై సాయ్ నామ్ ప్లా (చేప సాస్ వద్దు), మై సాయ్ కపి (రొయ్యల ముద్ద వద్దు), మై సాయ్ నామ్ మన్ హోయ్ (ఆయిస్టర్ సాస్ వద్దు), మై సాయ్ ఖాయ్ (గుడ్డు వద్దు). థాయ్ కూరల ముద్దల్లో రొయ్యలు ముందే నూరి ఉంటాయి కాబట్టి ఎర్ర కూర, పచ్చ కూర నమ్మొద్దు. ఫక్ బుంగ్ వేపుడు అడగండి, అది మన తూటికూరే. బండి మీద అరటిపండు రోటీలో గుడ్డు కొడతారు, ముందే చెప్పాలి. మామిడిపండు, కొబ్బరిపాలు పోసిన జిగురన్నం మాత్రం నిశ్చింతగా తినొచ్చు. ఆవకాయ సీసా పెట్టెలో పెట్టుకెళ్లారా అని మీరు నన్ను అడగలేదు, నేనూ చెప్పను.

స్కూటర్ అద్దెకు తీసుకోవచ్చా?

మన లైసెన్సు ఒక్కటే చాలదు. బైకు నడపడానికి చెల్లే అంతర్జాతీయ అనుమతి ఉండాలి, లేకపోతే ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. బండ్లు నడిపేది మనలాగే ఎడమ వైపే. హెల్మెట్ తప్పనిసరి. కుటుంబంతో అయితే రోజంతటికీ కారు మాట్లాడుకోండి, ఊళ్లో తిరగడానికి సాంగ్‌థేవ్ ఉంది. మన షేర్ ఆటోకు పెద్దన్న, చెయ్యెత్తితే ఆగుతుంది.

సునామీ భయం లేదా?

2004 డిసెంబరు 26న మన కోస్తాను తాకిన సునామీయే పీపీ డాన్‌ను ఊడ్చేసింది. రెండు అఖాతాల మధ్య సన్నటి ఇసుక మెడ మీద ఉన్న ఊరు అది, నీళ్లు రెండు వైపుల నుంచీ వచ్చాయి. ఇప్పుడు తీరాల్లో ఎత్తయిన చోటికి దారి చూపే నీలం బోర్డులు ఉన్నాయి. గదిలో సామాను పెట్టాక ఆ బాణం ఎటు చూపిస్తోందో ఒకసారి చూసుకోండి, అంతే.

పిల్లలు ఏనుగు ఎక్కుతామంటున్నారు.

ఎక్కించకండి. వీపు మీద కుర్చీ కట్టే చోట్లకు వెళ్లకుండా, దూరం నుంచి మేత మేస్తుంటే చూసే చోటు వెతకండి.

ఏం కొనుక్కు రావచ్చు?

బాతిక్ గుడ్డలు బాగుంటాయి. జీడిపప్పు ఊరించేలా పేర్చి ఉంటుంది, పలాస వాళ్లం మనం, దాటి వెళ్లండి. బుద్ధ విగ్రహాలు దేశం దాటించడానికి అనుమతి పత్రం కావాలి. తీరంలో ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు తీసుకోవడం నేరం, పిల్లల జేబులు తడిమి చూడండి. దురియన్ పండు తినాలనుకుంటే బండి దగ్గరే నిలబడి తినేయండి. చాలా హోటళ్లు గుమ్మంలోనే పండు బొమ్మ మీద ఎర్ర గీత కొట్టి ఉంచుతాయి. మావయ్యగారు పనసే కదా అని సంచిలో పెట్టి పైకి తెచ్చారు, ఆ రాత్రి మేం కట్టిన జరిమానాతో నలుగురం హాంగ్ ద్వీపం ఇంకోసారి చూసొచ్చేవాళ్లం.